బజ్ ఎక్కడ పుడుతోంది? పల్నాటి ఎండలో గిటార్

గిటార్ బజ్ కొడుతోందని మాచర్లలో ఎవరికి చెప్పుకున్నా వచ్చే సలహాలు మూడే. తీగలు మార్చు, బ్రిడ్జి దగ్గర ఎత్తు పెంచు, ట్రస్ రాడ్ తిప్పు. మూడూ ఎక్కడో ఒకచోట పనిచేసినవే కాబట్టి మూడింటికీ భక్తులున్నారు. పనిచేసిన గిటార్ సంగతి అందరికీ గుర్తుంటుంది, పనిచేయక అటకెక్కిన గిటార్ సంగతి ఎవరూ ఎత్తరు. ఒకే రకం చప్పుడు వెనక పది పన్నెండు కారణాలుంటాయి, ఒకదాని మందు ఇంకోదానికి విషం. ఆ కారణాల్లో పల్నాడుకు ఎక్కువగా వర్తించేవి ఏవి, చెలామణిలో ఉన్న చిట్కాల్లో నిలిచేవి ఏవి అన్నది ఇక్కడ చూద్దాం. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: మన ప్రాంతంలో బజ్ గురించి అడగాల్సిన మొదటి ప్రశ్న, అది ఏ నెలలో మొదలైందని.

పల్నాడులో గిటార్ ఎక్కువగా కనిపించే చోటు చర్చి. 1842లో గుంటూరు చేరిన లూథరన్ మిషనరీ హెయర్ ఆ దశాబ్దం చివరికే గురజాల వైపు వచ్చి పని మొదలుపెట్టాడు. రెంటచింతల, గురజాల, మాచర్ల చుట్టూ తెలుగు కీర్తనలు తరతరాలుగా పాడుతున్నారు. ఒకప్పుడు హార్మోనియం, తబలా ఉన్నచోట ఇప్పుడు కీబోర్డు, గిటార్ కూర్చున్నాయి. చర్చి వాళ్లకు తోడు సినిమా పాటలు నేర్చుకునే కాలేజీ పిల్లలున్నారు. ఇరువర్గాలూ గిటార్ కొనేది ఆన్‌లైన్‌లోనో, గుంటూరు, విజయవాడ దుకాణాల్లోనో. పెట్టెలోంచి తీస్తారు, ఫోన్‌లో యాప్ పెట్టి ట్యూన్ చేస్తారు, వాయిస్తారు. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన గిటార్ మెడ, నట్ (మెడ కొసన తీగలు ఆనే పట్టీ), సాడిల్ (బ్రిడ్జి మీద తీగలు ఆనే పట్టీ) మన ఊరి గాలికి తగినట్టు సరిచూసే పనిని సెటప్ అంటారు. అది కొన్న రోజున చేయించాల్సిన పని. మనవాళ్లకు ఆ మాట వినబడేది గిటార్ మొరాయించాకే.

ముందు చప్పుడు సంగతి. మీటిన తీగ మధ్యలో ఉబ్బి, చివర్లలో సన్నబడి, నేత కండెలా ఊగుతుంది. ఆ ఊపుకు చాలినంత ఖాళీ లేకపోతే ముందున్న ఫ్రెట్‌కు తగిలి చిరచిరలాడుతుంది. లావు తీగ ఊపు ఎక్కువ, అందుకే దానికి ఎత్తు కాస్త ఎక్కువ ఇస్తారు. పన్నెండో ఫ్రెట్ దగ్గర ఆరో తీగ కింద సుమారు 2.4 నుంచి 2.8 మిల్లీమీటర్లు, ఒకటో తీగ కింద 1.6 నుంచి 2 మిల్లీమీటర్లు ఉండటం మామూలు. తగ్గితే బజ్, పెరిగితే వేళ్లకు కాయలు. సెటప్ అంటే ఈ రెండింటి మధ్య బేరమే. బజ్ అసలే ఉండకూడదు, తీగలు మాత్రం ఫ్రెట్‌లను ఆనుకున్నట్టుండాలి అనేవాళ్లకు ఏ మేస్త్రీ సాయం చేయలేడు.

మన వాద్యాల్లో ఇదే చప్పుడును కోరి పుట్టిస్తారు. తంబురా బ్రిడ్జి పైభాగం వెడల్పుగా, కొద్దిగా వంపుగా ఉంటుంది. తీగ కింద నూలు పోగు పెట్టి, జరుపుతూ జరుపుతూ సరైన చోట ఆపితే, తీగ ఆ వంపును ఒరుసుకుంటూ నాదం పూస్తుంది. వీణ గుర్రం (బ్రిడ్జి) మీది లోహపు పలక చేసే పని కూడా అలాంటిదే. చిన్నతనమంతా విశాఖపట్నంలో చదువుకున్న సి.వి. రామన్ 1921లో ఈ వాద్యాల మీద ఒక పరిశోధన పత్రం రాశారు. తీగను ఒక బిందువు దగ్గర మీటితే, ఆ బిందువులో కదలిక లేని హార్మోనిక్స్ వినిపించకూడదని అప్పటిదాకా ఉన్న సూత్రం. తంబురా, వీణల్లో అవి నిక్షేపంగా వినిపిస్తున్నాయని, అందుకు కారణం బ్రిడ్జి నిర్మాణమేనని రామన్ చూపించారు.

నూరేళ్ల నాటి ఈ సంగతి గిటార్ వాళ్లకు నేరుగా పనికొస్తుంది. సాడిల్ అరిగి నెత్తి చదునైతే గిటార్ కూడా తంబురా వేషం కడుతుంది. నట్ గాడి ట్యూనింగ్ కీల వైపు వాలి ఉండకుండా ఎటో తెగినా అంతే. ఒకే తీగ ఏ ఫ్రెట్‌లో నొక్కినా సితార్‌లా మోగుతుంటే సాడిల్‌ను అనుమానించాలి. ఓపెన్ తీగ మాత్రమే అలా మోగి, మొదటి ఫ్రెట్ నొక్కగానే శుభ్రపడితే నట్‌ను అనుమానించాలి. సాడిల్ నెత్తిని ఎమ్రీ కాగితంతో కొద్దిగా గుండ్రం చేసి, తీగ ఒక్క గీత మీదే కూర్చునేలా చేస్తే ఈ రకం బజ్ పోతుంది. ట్రస్ రాడ్ ఎన్నిసార్లు తిప్పినా పోదు.

మిగతా రకాలకు కూడా చెవే మొదటి పనిముట్టు. పిక్‌తో ఒక్కో తీగను ఒక్కో ఫ్రెట్‌లో నెమ్మదిగా మీటుతూ పోయి, బజ్ వచ్చిన చోట్లు కాగితం మీద రాసుకోవాలి. ఇది విసుగు పని, పావుగంట పడుతుంది. కానీ ఆ కాగితమే సగం వైద్యం. ఒకటి నుంచి ఐదో ఫ్రెట్ వరకు అన్ని తీగలూ బజ్ కొడుతుంటే మెడ మరీ తిన్నగా ఉందనో, వెనక్కి వంగిందనో అర్థం. వేలికి ముందు కాకుండా వెనక, అంటే వేలికీ నట్‌కూ మధ్య చప్పుడు వినిపిస్తుంటే ఆ అనుమానం బలపడుతుంది. కింది ఫ్రెట్‌లు బాగుండి, ఏడు పైన మొదలై పోయే కొద్దీ పెరుగుతుంటే సాడిల్ తక్కువై ఉండాలి, లేదా మెడ పెట్టెతో కలిసే పద్నాలుగో ఫ్రెట్ దగ్గర గూని లేచి ఉండాలి. ఒకే తీగ ఒకే చోట మొరాయిస్తే దాని ముందున్న ఫ్రెట్ పైకి లేచింది. ఏ పద్ధతీ లేకుండా వస్తూ పోతూ ఉంటే అది తీగదే కాకపోవచ్చు. ఆ సంగతి తర్వాత.

ఇప్పుడు నెల సంగతి. మాచర్ల పక్కనే ఉన్న రెంటచింతల పేరు వేసవి ఉష్ణోగ్రతల వార్తల్లో కనిపించని ఏడాది అరుదు. అక్కడ 47 డిగ్రీలు దాటిన రోజులున్నాయి. శ్రీనాథుడి పేరు మీద తిరిగే పల్నాటి చాటువుల్లో నీళ్ల కొరత మీద ఒక ఫిర్యాదుంది. గిటార్‌కు నోరుంటే ఏప్రిల్‌లో అదే ఫిర్యాదు చేసేది. గిటార్ ఉండే గదిలో గాలి తేమ 45 నుంచి 55 శాతం మధ్య ఉండాలని తయారీదార్లు చెబుతారు. వేసవి మధ్యాహ్నాల్లో మన గాలి అంతకన్నా బాగా కిందికి పడిపోతుంది. వానలు పట్టాక అదే గాలి ఆ గీతను దాటి పైకి పోతుంది. చెక్క నీరు కోల్పోతే కుంచించుకుంటుంది, పీల్చుకుంటే ఉబ్బుతుంది. అదీ పొడవునా కాదు, ప్రధానంగా అడ్డంగా.

గిటార్ ముందు పలకను బల్లపరుపుగా చేయరు, లోపలి బద్దెలతో కొంచెం ఉబ్బెత్తుగా బిగిస్తారు. అసలు చెక్కతో చేసిన పలక ఎండిపోతే ఆ ఉబ్బు దిగుతుంది, దాంతో పాటు బ్రిడ్జి దిగుతుంది, బ్రిడ్జి మీది తీగలూ దిగుతాయి. అటు మెడ మొదట్లో గూని తేలుతుంది. మార్చి దాకా చక్కగా పలికిన గిటార్ మే నెలలో పై ఫ్రెట్‌లలో బజ్ కొట్టడానికి ఇంతకుమించి కారణం వెతకక్కర్లేదు. వర్షాకాలంలో ఇదంతా తిరగబడుతుంది. పలక ఉబ్బి, తీగలు ఎత్తై, బజ్ దానంతటదే మాయమవుతుంది. మేలో సాడిల్ కింద అట్టముక్క దూర్చినవాడు సెప్టెంబరులో బార్ కార్డ్ పట్టలేక వేళ్లు నొక్కుకుంటూ కూర్చుంటాడు.

చవక గిటార్లలో ముందు పలక సాధారణంగా ప్లైవుడ్. అది తేమకు అంతగా చలించదు. కానీ వాటికీ మెడ, ఫింగర్‌బోర్డు అసలు చెక్కవే. ఎండిన గిటార్‌ను పట్టడానికి తేలికైన గుర్తు ఇక్కడే ఉంది: మెడ అంచు వెంబడి అరచేయి పైకీ కిందికీ జరపండి. ఫ్రెట్ కొసలు గరగరా గుచ్చుకుంటుంటే లోహం పెరగలేదు, చెక్క తగ్గింది. అలాంటి గిటార్ మీద ఆకురాయి పెట్టడం తొందరపాటు. ముందు దానికి తేమ పట్టించాలి.

తేమ పట్టించడానికి ఖరీదైన సరంజామా అక్కర్లేదు. గిటార్‌ను గట్టి కేసులో గానీ, జిప్పు సరిగా పడే మందపాటి బ్యాగులో గానీ ఉంచి, చిల్లులు పొడిచిన సబ్బుపెట్టెలో తడిపి గట్టిగా పిండిన స్పాంజి ముక్క పెడితే చాలు. నీటి చుక్క చెక్కను తాకకూడదు. ఒక చిన్న డిజిటల్ తేమ మీటరు కేసులో పడేస్తే ఊహలతో పని ఉండదు. నాలుగైదు రోజులు, అవసరమైతే వారం పైన ఆగి అప్పుడు మళ్లీ వాయించి చూడాలి. కూలర్ ఉన్న గదిలో గిటార్‌కు ఇబ్బంది లేదనుకుంటారు. కూలర్ తిరిగినంతసేపు తేమ బాగా పెరుగుతుంది, కరెంటు పోయిన మధ్యాహ్నం పడిపోతుంది. గోడకు వేలాడదీసిన గిటార్‌ను ఈ ఎగుడుదిగుడే ఎక్కువ దెబ్బతీస్తుంది. ఏసీ గది గాలిని ఇంకా ఎండబెడుతుంది. రేకుల కప్పు కింద అటక మీద పెట్టడం, మూసిన కారులో వదిలేయడం అన్నిటికన్నా అన్యాయం. అరవై డిగ్రీలు దాటిన వేడిలో చెక్క జిగురు మెత్తబడి, డెబ్బై కిలోల దరిదాపు తీగల లాగుడుకు బ్రిడ్జి వెనక అంచు లేచిపోతుంది. అక్కడ కాగితం అంచు దూరుతుంటే తీగలు వెంటనే వదులు చేయాలి.

తేమ సరిపడ్డాక కూడా బజ్ ఉంటే అప్పుడు కొలతలకు రావాలి. దీనికి ఫీలర్ గేజ్ కొనకపోయినా నడుస్తుంది. లైట్ సెట్‌లోని ఒకటో తీగ మందం 0.012 అంగుళం, అంటే 0.3 మిల్లీమీటర్. పాత తీగ ముక్క ఒకటి దగ్గర పెట్టుకోండి. మొదటి ఫ్రెట్‌కు కేపో (తీగలను నొక్కిపట్టే క్లిప్పు) బిగించి, ఆరో తీగను పద్నాలుగో ఫ్రెట్ దగ్గర నొక్కితే ఆ తీగే తిన్నని స్కేలు అవుతుంది. మధ్యలో, ఏడో ఫ్రెట్ మీద ఎంత సందు ఉందో చూడాలి. ఈ సందుకే రిలీఫ్ అని పేరు. 0.1 నుంచి 0.25 మిల్లీమీటర్ వరకు మంచిది. మన పాత తీగ ముక్క అందులో లూజుగా కదులుతుంటే మెడ ముందుకు ఎక్కువ వంగింది. అసలు సందే లేకుండా తీగ ఫ్రెట్‌ను అంటుకుపోతే మెడ తిన్నగానో వెనక్కో ఉంది. ఎండకు మెడ ఎటు వంగుతుందని అడిగితే ఖాయమైన జవాబు లేదు. ఫింగర్‌బోర్డు చెక్క, మెడ చెక్క, ఫ్రెట్‌ల బిగువు కలిసి ఒక్కో గిటార్‌ను ఒక్కో దారి పట్టిస్తాయి. అందుకే చూడకుండా తిప్పకూడదు.

ట్రస్ రాడ్ చరిత్ర నూరేళ్లదే. గిబ్సన్ కంపెనీలో పనిచేసిన థాడియస్ మెక్‌హ్యూ పేరిట 1923లో పేటెంట్ వచ్చింది. మెడ లోపలి ఈ ఇనుప కడ్డీ పని ఒక్కటే, తీగల లాగుడుకు మెడ ఎంత వంగాలో నిర్ణయించడం. గడియారం దిశలో బిగిస్తే మెడ తిన్నబడుతుంది, వదులు చేస్తే తీగలు దాన్ని ముందుకు లాగుతాయి. కాబట్టి కింది ఫ్రెట్‌లలో బజ్ ఉండి, రిలీఫ్ లేకపోతే వదులు చేయాలి. చాలామంది బజ్ అనగానే బిగిస్తారు. అలా ఉన్న కాస్త సందూ పోయి బజ్ రెట్టింపవుతుంది, దాంతో ఇంకా బిగిస్తారు. పావు తిప్పుకు మించకుండా తిప్పి, మళ్లీ ట్యూన్ చేసి, ఓ రాత్రి ఆగి చూడాలి. సైజు సరిపోని అలెన్ కీ పెడితే రాడ్ నట్ అంచులు అరిగిపోతాయి, ఆ తర్వాత ఎవరూ తిప్పలేరు. ఇంకో మాట: కొన్ని చవక గిటార్లలో తిప్పే రాడ్ ఉండదు. నట్ వెనక మూత, సౌండ్ హోల్ లోపల షట్కోణపు గుంట రెండూ కనపడకపోతే వెతుకులాట ఆపేయడం మంచిది.

సాడిల్ లెక్క సులువు. పన్నెండో ఫ్రెట్ తీగ పొడవులో సరిగ్గా సగం. అక్కడ అర మిల్లీమీటర్ ఎత్తు కావాలంటే సాడిల్ దగ్గర ఒక మిల్లీమీటర్ పెంచాలి. కింద సన్నని చెక్క పొర పెట్టి చూడటం పరీక్షగా బాగుంటుంది. అట్ట మెత్తనిది, నాదాన్ని కొంత మింగేస్తుంది. సాడిల్ కింద పికప్ ఉన్న గిటార్లలో తీగల మధ్య వాల్యూమ్ కూడా తేడా వస్తుంది. పరీక్ష నెగ్గితే ఎముక సాడిల్ కొత్తది వేయించుకోవడమే శాశ్వత మార్గం. నట్ విషయంలో మూడో ఫ్రెట్ నొక్కి మొదటి ఫ్రెట్ మీద సందు చూడాలి. వెంట్రుక మందం కనిపిస్తే సరే, తీగ ఫ్రెట్‌కు ఆనుకుంటే గాడి లోతైపోయింది. గాడిలో వంటసోడా చిటికెడు వేసి, ఫెవిక్విక్ చుక్క పడేసి, గట్టిపడ్డాక సన్నని ఆకురాయితో మళ్లీ గాడి తీయడం బాగా ప్రచారంలో ఉన్న చిట్కా. ఇది నిజంగా పనిచేస్తుంది, కొన్నాళ్లు. చుట్టుపక్కల పాలిష్ మీద చుక్క పడితే మాత్రం మచ్చ మిగిలిపోతుంది.

లేచిన ఫ్రెట్‌ను పట్టడానికి మూడు ఫ్రెట్‌ల మీద ఆనేంత చిన్న ఉక్కు స్కేలు ముక్క చాలు. అటూ ఇటూ ఊగితే మధ్య ఫ్రెట్ ఎత్తు. ఒక్కోసారి అది గాడిలోంచి కొంచెం ఊడివుంటుంది, చెక్క ముక్క అడ్డం పెట్టి మెల్లగా తడితే కూర్చుంటుంది. కూర్చోకపోతే ఫ్రెట్‌లను రుద్ది సమం చేయాలి. యూట్యూబ్ చూసి ఆ పని ఇంట్లో మొదలుపెట్టొద్దు. రుద్దిన లోహం తిరిగి రాదు.

తీగలది కాని చప్పుడు గురించి ఆపి ఉంచాను. దీని కోసం గిటార్‌ను విప్పినవాళ్ల కంటే విప్పకుండానే పట్టుకున్నవాళ్లు తెలివైనవాళ్లు. ట్యూనింగ్ కీ వాషర్ వదులు కావడం, కత్తిరించకుండా వదిలేసిన తీగ కొసలు ఒకదానికొకటి తగలడం, ప్రీయాంప్ బ్యాటరీ గూటిలో ఆడటం, లోపలి పికప్ వైరు పలకను తాకడం, చొక్కా గుండీ వెనక చెక్కకు ఆనుకోవడం, ఇవన్నీ బజ్‌గానే వినిపిస్తాయి. మోగుతున్నప్పుడు ఒక్కో భాగం మీద వేలు పెట్టి చూస్తే దొంగ దొరుకుతాడు. పలకను వేలి కణుపుతో తడుతూ పోతే ఒకచోట గలగలమన్నా, సౌండ్ హోల్‌లో టార్చి వేసినప్పుడు బద్దె అంచు లేచి కనిపించినా అది జిగురు ఊడిన కేసు, మేస్త్రీకి అప్పగించాల్సిందే.

చర్చి గిటార్లలో ఇంకో కారణం ఉంది. పాడేవాళ్ల శ్రుతికి అందడం కోసం తీగలను అర మెట్టు దించుతారు, కొందరు పూర్తి మెట్టు కూడా దించుతారు. అర మెట్టుకు తీగ బిగువు సుమారు 11 శాతం తగ్గుతుంది, పూర్తి మెట్టుకు ఐదో వంతు పోతుంది. బిగువు తగ్గిన తీగ వెడల్పుగా ఊగుతుంది. పైగా బహిరంగ సభలో మైకు అందక పిక్‌తో బాదడం. గిటార్ ఏ తప్పూ చేయకుండానే బజ్ కొడుతుంది. ఇక్కడ మాత్రం మొదట్లో చెప్పుకున్న 'తీగలు మార్చు' సలహాకు విలువుంది: ఎప్పుడూ దించే వాయించేవాళ్లు ఒక సైజు లావు సెట్ వేసుకోవాలి. వేసుకున్నాక బిగువు మారుతుంది కాబట్టి రిలీఫ్ మళ్లీ చూడాలి. అదే సైజు కొత్త తీగలు వేస్తే బజ్ పోయేది, పాతవి ఫ్రెట్‌ల మీద నొక్కులు పడి ఉన్నప్పుడే.

గమకాలు పలికించాలనుకునే వాళ్లకు ఇంకో చిక్కు. గిటార్ ఫింగర్‌బోర్డు అడ్డంగా కొద్దిగా వంపుగా ఉంటుంది. తీగను పక్కకు లాగినప్పుడు అది వంపు మీదికి ఎక్కి పై ఫ్రెట్‌కు తగిలి నోరు మూసుకుంటుంది. వాళ్లు కాస్త ఎత్తు భరించాలి. వీణలో ఈ బాధ లేకుండా మెట్లను, అంటే ఫ్రెట్‌లను, మైనం మీద ఎత్తుగా కూర్చోబెడతారు.

ఆ వీణ వాళ్ల పద్ధతిలో నాకు నచ్చేది ఇంకొకటుంది. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనస చెక్కతో తొలిచే వీణలకైనా, నూజివీడు వీణలకైనా 24 మెట్లూ మైనంలోనే నిలుస్తాయి. ఎండలకు మైనం మెత్తబడుతుంది, మెట్లు దిగుతాయి, అపస్వరం, బజ్ రెండూ వస్తాయి. దాన్ని ఎవరూ వాద్యం చెడిపోయిందనుకోరు. కొన్నేళ్లకోసారి మేళం కట్టించడం, అంటే మెట్లను మళ్లీ మైనంలో కూర్చోబెట్టించడం, వీణ ఉన్న ఇంట్లో మామూలు ఖర్చు. గిటార్‌ను మాత్రం ఒకసారి కొంటే అయిపోయిందనుకుంటాం. బజ్ రాగానే కంపెనీని తిడతాం, లేదా చేతికందిన అలెన్ కీ దూరుస్తాం. మన వాతావరణంలో ఏడాదికి రెండుసార్లు, మార్చిలోనూ వానలు కుదురుకున్నాకనూ, రిలీఫ్, ఎత్తు చూసుకోవడం గిటార్ ఉన్న ప్రతివాళ్లూ నేర్చుకోదగ్గ పని. అది పాట నేర్చుకోవడం కంటే కష్టం కాదు.

యూత్ గ్రూపులు నడిపేవాళ్లకు ఒక మనవి. కొత్త గిటార్‌కు చందా వసూలు చేసేముందు ఉన్నదానికి కేసు, తేమ మీటరు, ఒక సెట్ తీగలు కొని చూడండి. ఫ్రెట్‌ల పనికో, బద్దెల పనికో గుంటూరు, విజయవాడ తీసుకెళ్లక తప్పకపోతే వానలు పడ్డాక తీసుకెళ్లండి. మే నెలలో ఎండిన గిటార్‌కు చేయించిన సెటప్ సెప్టెంబరు దాకా నిలవదు.